డెప్త్ కెమెరాలో రిజల్యూషన్ పెరగాలంటే ముందు నిచ్చెన వేయండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. నూజివీడు దగ్గర మామిడికాయల గ్రేడింగ్ షెడ్డు. 60 సెంటీమీటర్ల వెడల్పు బెల్టు. దానికి 1.8 మీటర్ల ఎత్తున రియల్‌సెన్స్ డీ435 అనే డెప్త్ కెమెరా, అంటే ప్రతి చుక్క ఎంత దూరంలో ఉందో కొలిచే కెమెరా బిగించారు. కాయ పెద్దదా చిన్నదా అన్నది తెలుస్తోంది. రెండు మూడు మిల్లీమీటర్ల లోతున్న నొక్కులు మాత్రం కనిపించడం లేదు, పైగా కాయ మీద అంతటా అలలు అలలుగా వస్తోంది. చిత్రాన్ని 848×480 పిక్సెళ్ల నుంచి 1280×720కి మార్చినా ఫలితం అంతే. ఇప్పుడు న్యూరల్ నెట్‌వర్కుతో సూపర్ రిజల్యూషన్ చేయాలా (అంటే గరుకు చిత్రం నుంచి సన్నటి చిత్రం తయారు చేయించాలా), ఇంకా ఖరీదైన కెమెరా కొనాలా అని అడిగారు.

ప్రస్తుతానికి రెండూ వద్దు. నిచ్చెన వేసి కెమెరాను 60 సెంటీమీటర్ల ఎత్తుకు దించండి. పన్నెండేళ్లుగా ఫ్యాక్టరీలలో కొలతల కెమెరాలు బిగించే పని చేస్తున్నాను. రిజల్యూషన్ చాలడం లేదని నన్ను పిలిచిన చోట్ల సగానికి పైగా పని స్పానర్‌తోనే అయిపోయింది.

రిజల్యూషన్ అనే ఒక్క మాట కింద రెండు వేరు వేరు సంగతులు దాక్కుని ఉంటాయి. ఒకటి అడ్డంగా చూసేది: పక్కపక్కన ఉన్న రెండు చుక్కలను కెమెరా ఎంత దగ్గర వరకు విడదీయగలదు? బట్టలో నేత ఎంత దగ్గరగా ఉందని అడగడం లాంటిది ఇది. రెండోది లోతులో చూసేది: కెమెరా చేతిలోని కొలబద్ద మీద గీతలు ఎంత దగ్గరగా ఉన్నాయి? పెట్టె మీద అచ్చు వేసే 1280×720 మొదటిదాని గురించే చెబుతుంది. మీకు కరువైంది ముఖ్యంగా రెండోది.

అయినా మొదటిదాన్నే ముందు చూద్దాం, ఎందుకంటే అక్కడ కూడా మీరు చాలా పారబోసుకుంటున్నారు. డీ435 చూపు అడ్డంగా సుమారు 87 డిగ్రీలు. 1.8 మీటర్ల ఎత్తు నుంచి అది దాదాపు 3.4 మీటర్ల వెడల్పును చూస్తుంది. ఆ వెడల్పును 848 పిక్సెళ్లు పంచుకుంటే ఒక్కో పిక్సెల్‌కు 4 మిల్లీమీటర్లు. మీ బెల్టు మీదికి వచ్చేవి 150 పిక్సెళ్లు. మిగిలిన ఏడు వందలూ షెడ్డు నేలను, బుట్టలను, పక్కన నిలబడ్డ కూలీల చెప్పులను కొలుస్తున్నాయి. ఎనిమిది సెంటీమీటర్ల బంగినపల్లికి దక్కేవి 20 పిక్సెళ్లు, సెంటీమీటరు వెడల్పున్న నొక్కుకు రెండున్నర. అదే కెమెరాను 60 సెంటీమీటర్లకు దించితే బెల్టు మీద దాదాపు 450 పిక్సెళ్లు పడతాయి. ఖర్చు నాలుగు బోల్టులు.

ఇక లోతు. డీ435లో రెండు కళ్లు ఉన్నాయి, వాటి మధ్య ఎడం 50 మిల్లీమీటర్లు. మన కళ్లలాగే అది కూడా ఒకే చుక్క ఎడమ చిత్రంలో ఎక్కడ పడింది, కుడి చిత్రంలో ఎక్కడ పడింది అని చూసి, ఆ జరుగుడును బట్టి దూరం లెక్కగడుతుంది. ముక్కు ముందు వేలు పెట్టుకుని ఒకసారి ఎడమ కన్ను, ఒకసారి కుడి కన్ను మూయండి. వేలు అటూ ఇటూ గెంతుతుంది. దూరాన ఉన్న తాటిచెట్టు కదలదు. దూరం పెరిగే కొద్దీ జరుగుడు తగ్గిపోతుంది, దానితోపాటే దూరాన్ని పసిగట్టే శక్తీ తగ్గిపోతుంది. అదీ మామూలుగా కాదు, దూరం వర్గం చొప్పున.

లోతులో తప్పు ఎంతో తేల్చే లెక్క ఇలా ఉంటుంది: దూరం వర్గాన్ని జత కలపడంలో (ఒకే చుక్కను రెండు చిత్రాల్లోనూ గుర్తుపట్టడంలో) వచ్చే తప్పుతో గుణించి, పిక్సెళ్లలో చెప్పిన నాభ్యంతరంతోనూ (కటకానికీ సెన్సరుకూ మధ్య దూరం అనుకోండి), రెండు కళ్ల మధ్య ఎడంతోనూ భాగించాలి. 848 వెడల్పులో ఈ కెమెరా నాభ్యంతరం సుమారు 430 పిక్సెళ్లు అనుకుందాం. జత కలపడంలో తప్పు 0.08 పిక్సెల్ అనుకుందాం. మంచి వెలుతురు, మంచి చారలున్న ఉపరితలం ఉంటేనే ఆ మాత్రం వస్తుంది. 1.8 మీటర్ల దగ్గర తప్పు 12 మిల్లీమీటర్లు తేలుతుంది. 60 సెంటీమీటర్ల దగ్గర 1.3 మిల్లీమీటర్లు. దూరం మూడో వంతు అయితే తప్పు తొమ్మిదో వంతు అయింది.

మీ నొక్కు వైపు నుంచి చూస్తే ఇది ఇంకా కళ్లకు కడుతుంది. మూడు మిల్లీమీటర్ల నొక్కు 1.8 మీటర్ల దూరాన కలిగించే జరుగుడు 0.02 పిక్సెల్. కెమెరా చేతి వణుకే 0.08. జాతరలో గుసగుస వినాలని చూసినట్టు. 60 సెంటీమీటర్ల దగ్గర అదే నొక్కు 0.18 పిక్సెల్ జరుపుతుంది, అంటే వణుకుకు రెట్టింపు కంటే ఎక్కువ. మీరు చూస్తున్న అలలు ఆ వణుకే. 1280×720 పెట్టినప్పుడు నాభ్యంతరం ఒకటిన్నర రెట్లు అవుతుంది కాబట్టి కాగితం మీద 12 కాస్తా 8 అవుతుంది. కానీ మూడు మిల్లీమీటర్ల కోసం వెతికేవాడికి 12 అయినా 8 అయినా ఒకటే చీకటి. పైగా డీ435కి అత్యుత్తమంగా పనిచేసే అమరిక 848×480 అని తయారీదారులే చెబుతారు.

ఇంకా మెరుగు కావాలంటే అదే కుటుంబంలోని డీ415 చూడండి. చూపు ఇరుకు, సుమారు 65 డిగ్రీలు. అందుకే 1280 వెడల్పులో నాభ్యంతరం వెయ్యి పిక్సెళ్లు దాటుతుంది. ఎడం 55 మిల్లీమీటర్లు. 60 సెంటీమీటర్ల దగ్గర అదే లెక్కతో తప్పు అర మిల్లీమీటరుకు వస్తుంది, బెల్టు మీద వెయ్యి పిక్సెళ్లు పడతాయి. మరి దానికున్న లోపం? డీ435ది గ్లోబల్ షటర్, చిత్రమంతా ఒక్కసారే పడుతుంది. డీ415ది రోలింగ్ షటర్, వరుస తరువాత వరుసగా పడుతుంది. అందువల్ల కదిలే కాయ కాస్త వాలినట్టు వస్తుంది. బెల్టు వేగం నిలకడగా ఉంటే ఆ వాలును లెక్కలో సరిచేయవచ్చు. వోల్టేజీ పడినప్పుడల్లా బెల్టు మందగించే షెడ్డయితే డీ435తోనే ఉండండి. 95 మిల్లీమీటర్ల ఎడమున్న డీ455 గురించి ఎవరో ఒకరు చెబుతారు. అది దూరపు చూపు కోసం చేసినది. కళ్ల మధ్య ఎడం పెరిగితే కెమెరా చూడగల అతి దగ్గరి దూరం కూడా పెరుగుతుంది కాబట్టి మీ ఎత్తుకు ఇబ్బంది.

ఎత్తు తరువాత వెలుతురు. మామిడికాయ నున్నగా, ఒకే రంగుగా ఉంటుంది. జత కలపడానికి చారలు లేవు. అందుకే కెమెరా తన పరారుణ ప్రొజెక్టరుతో కాయ మీద చుక్కలు చల్లుతుంది. ప్రొజెక్టరు శక్తి మామూలుగా 150 మిల్లీవాట్ల దగ్గర ఉంటుంది, 360 వరకు పెంచవచ్చు. దాన్ని పెంచి చూడండి. రేకుల షెడ్డులో పక్క నుంచి మధ్యాహ్నపు ఎండ పడుతుంటే మాత్రం ఎంత పెంచినా ప్రయోజనం ఉండదు. సూర్యకాంతిలోనూ పరారుణం దండిగా ఉంటుంది, చుక్కలు వెలిసిపోతాయి. బెల్టు పైన కెమెరా చూసే ఆ ఒక్క మీటరు మేర నల్ల గుడ్డతో పందిరి వేయండి.

ఎక్స్‌పోజర్‌ను, అంటే ఒక్కో చిత్రానికి కాంతిని ఎంతసేపు పట్టాలన్నదాన్ని, కెమెరాకే వదిలేసి ఉంటారు. అది నల్లటి బెల్టును చూసి చీకటిగా ఉందనుకుని తెరుచుకుంటుంది, కాయలు తెల్లబోతాయి. కాయలు వచ్చే భాగాన్ని మాత్రమే చూసి వెలుతురు నిర్ణయించుకునేలా అమర్చండి, లేదా చేత్తో ఒక విలువకు బిగించేయండి. ఆ విలువ ఎంత ఉండాలో బెల్టు చెబుతుంది. సెకనుకు 30 సెంటీమీటర్లు నడిచే బెల్టు మీద 8 మిల్లీసెకన్ల ఎక్స్‌పోజర్ పెడితే ఆలోపే కాయ 2.4 మిల్లీమీటర్లు జరిగిపోతుంది. రెండు మిల్లీసెకన్లు పెట్టి, చాలని వెలుతురును ప్రొజెక్టరుతో పూడ్చుకోవాలి. కడిగిన కాయ తడితో మెరిస్తే ఆ మెరుపు ఎడమ కంటికి ఒకచోట, కుడి కంటికి ఇంకొకచోట కనబడి లేని గుంటను చూపిస్తుంది. గాలి కొట్టి ఆరబెట్టిన తరువాతే కెమెరా కిందికి పంపండి. కెమెరా ముందున్న అద్దం మీద దుమ్ము సంగతి వేరే చెప్పను, రోజూ తుడవండి.

కొంతమంది ఇవన్నీ సరిచేసి, చివరికి ఫైలు దాచుకునే చోట అంతా పోగొట్టుకుంటారు. ఒక కుర్రవాడు లోతు మెట్లు మెట్లుగా వస్తోందని, కెమెరా పాడైందని నా దగ్గరకు తెచ్చాడు. చూస్తే లోతు చిత్రాన్ని రంగులు వేసి జేపెగ్‌గా దాచుకుంటున్నాడు. పది మీటర్ల దూరాన్ని 256 మెట్లకు కుదిస్తే ఒక్కో మెట్టు నాలుగు సెంటీమీటర్లు! లోతును ఎప్పుడూ 16 బిట్లలోనే (65 వేలకు పైగా మెట్లు), నష్టం లేని పద్ధతిలోనే దాచాలి. అక్కడ కూడా ఒక మెలిక ఉంది. రియల్‌సెన్స్ మామూలుగా ఒక్కో అంకెకు ఒక మిల్లీమీటరు ఇస్తుంది. అంటే 0.4 మిల్లీమీటరు తేడా ఎంత శుభ్రంగా కొలిచినా అంకెల్లోకి రాదు. లోతు ప్రమాణాన్ని 0.1 మిల్లీమీటరుకు మార్చండి. అప్పుడు 16 బిట్లలో 6.5 మీటర్ల వరకే కొలవగలుగుతారు, మీకు కావలసింది అందులో పదో వంతు.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్. వరుసగా తీసిన చిత్రాలను సగటు చేస్తే వణుకు వాటి సంఖ్య వర్గమూలం చొప్పున తగ్గుతుంది. 16 చిత్రాలకు నాలుగో వంతు. కానీ ఇది నిలకడగా ఉన్న వస్తువుకు. కదిలే బెల్టు మీద కాలాన్ని బట్టి నునుపు చేసే ఫిల్టర్ వేస్తే ముందు వెళ్లిన కాయ దెయ్యంలా వెనక కాయ మీద వాలుతుంది. ఆ ఫిల్టర్ తీసేయండి. పైగా అలల్లో కొన్ని స్థిరంగా ఒకే చోట ఉంటాయి, అవి కాలిబ్రేషన్ (కెమెరా కొలతల సరిచూపు) తప్పు వల్ల వచ్చేవి. వెయ్యి చిత్రాలు సగటు చేసినా అవి పోవు, ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి.

మీ బెల్టు అసలు మీకు వరం. డీ415 60 సెంటీమీటర్ల ఎత్తు నుంచి బెల్టు పొడవునా సుమారు 43 సెంటీమీటర్లు చూస్తుంది. సెకనుకు 30 సెంటీమీటర్ల వేగంతో వెళ్లే కాయ ఆ చూపులో దాదాపు ఒకటిన్నర సెకను ఉంటుంది, సెకనుకు 30 చిత్రాల చొప్పున నలభైకి పైగా చిత్రాలు దొరుకుతాయి. ప్రతి చిత్రంలోనూ పిక్సెళ్ల గడి కాయ మీద కొద్దిగా వేరే చోట పడుతుంది. బెల్టు రోలరుకు, అది ఎంత తిరిగిందో లెక్కపెట్టే ఎన్‌కోడరు తగిలించి, ప్రతి చిత్రాన్నీ జరిగిన మేర వెనక్కి జరిపి ఒకదాని మీద ఒకటి పేరిస్తే అసలైన కొత్త సమాచారం వస్తుంది. 2011లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ వారు తమ డెప్త్ కెమెరా కినెక్ట్‌తో చూపిన కినెక్ట్‌ఫ్యూజన్‌లో ఉన్న సూత్రమే ఇది. అక్కడ కెమెరాను చేత్తో తిప్పుతూ గరుకు చిత్రాలను కలిపి నున్నటి నమూనా చేశారు. ఇక్కడ కెమెరా నిలబడి ఉంటుంది, వస్తువు కదులుతుంది. ఒకటే షరతు: కాయ దొర్లకూడదు. బెల్టు మీద చిన్న గుంటల పట్టీలు వేసుకోండి.

ఇలా పోగుచేసిన సూపర్ రిజల్యూషన్‌కు, మీరు అడిగిన న్యూరల్ నెట్‌వర్కు సూపర్ రిజల్యూషన్‌కు తేడా ఉంది. రెండోది రంగు చిత్రంలోని అంచులను చూసి లోతు చిత్రంలో అంచులను పదును చేస్తుంది. ఐఫోన్‌లో లేజరు కాంతితో దూరం కొలిచే లైడార్ కూడా ఇటువంటి దారిలోనే అరకొర చుక్కలను రంగు చిత్రంతో కలిపి 256×192 లోతు చిత్రంగా ఇస్తుంది. గదిలో కుర్చీ ఎక్కడ ఉందో చెప్పడానికి అది బ్రహ్మాండంగా పనికొస్తుంది. మీ దగ్గర ఏమవుతుంది? మామిడికాయ మీద సొన కారి నల్లటి చార కట్టి ఉంటుంది. రంగు చిత్రంలో అది ముదురు అంచు. నెట్‌వర్కు దాన్ని లోతులోకి దించి, చదునుగా ఉన్నచోట గుంట చెక్కుతుంది. నొక్కుకు రంగు తేడా ఉండదు కాబట్టి దాన్ని నునుపు చేసేస్తుంది. మంచి కాయ పక్కకు పోతుంది, నొక్కు పడ్డ కాయ మొదటి రకం పెట్టెలోకి పోతుంది. కొలత కోసం వాడే చోట నేను ఈ పద్ధతిని అసలు దగ్గరికి రానివ్వను. కాయల అంచుల దగ్గర సగం కాయ, సగం బెల్టు కలిసి గాలిలో తేలే పిక్సెళ్లను తీసివేయడానికి మాత్రం రంగు చిత్రం ఉపయోగపడుతుంది.

ఖరీదైన కెమెరా అంటే మీ మనసులో టైమ్ ఆఫ్ ఫ్లైట్ రకం ఉండవచ్చు. కాంతి వెళ్లి తిరిగి రావడానికి పట్టే కాలాన్ని కొలిచే రకం. ఒక మిల్లీమీటరు తేడాకు కాంతి ప్రయాణంలో వచ్చే తేడా దాదాపు 6.7 పికోసెకన్లు (పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లో వంతు). అంత సన్నటి కాలాన్ని నేరుగా కొలవడం మామూలు సెన్సరుకు సాధ్యం కాదు కాబట్టి, ఈ కెమెరాల్లో చాలావరకు కాంతిని మెగాహెర్ట్జ్‌లలో (సెకనుకు పది లక్షల సార్లు అయితే ఒక మెగాహెర్ట్జ్) మిణుకు మిణుకుమనిపించి, తిరిగి వచ్చిన మిణుకు ఎంత వెనకబడిందో చూస్తాయి. మిణుకు వేగం పెంచితే లోతు సూక్ష్మంగా తెలుస్తుంది. కానీ దూరం త్వరగా మొదటికి వస్తుంది, గడియారం ముల్లు పన్నెండు దాటి మళ్లీ ఒంటిగంట చూపించినట్టు. 20 మెగాహెర్ట్జ్‌కు 7.5 మీటర్ల దగ్గర, 100 మెగాహెర్ట్జ్‌కు 1.5 మీటర్ల దగ్గరే ఈ తిరకాసు. అందుకే రెండు మూడు పౌనఃపున్యాలను కలిపి వాడతారు. 2019లో వచ్చిన మైక్రోసాఫ్ట్ వారి ఈ రకం కెమెరా అజ్యూర్ కినెక్ట్ విశాలమైన చూపులో 1024×1024 పిక్సెళ్లు ఇచ్చింది. అయితే ఆ అమరికలో సెకనుకు 15 చిత్రాలే, దూరం కూడా సుమారు 2.2 మీటర్ల వరకే. పిక్సెల్ చిన్నదైతే దానిలో పడే కాంతి తగ్గుతుంది, దానికి చెల్లించిన ధర అది. మామిడికాయకు ఇంకో చిక్కు: పరారుణ కాంతి తోలు దాటి కండలోకి కొంత దూరి, అక్కడ చెదిరి ఆలస్యంగా తిరిగి వస్తుంది. కాయ ఉన్నదానికంటే కొంచెం కిందికి ఉన్నట్టు కనిపిస్తుంది, అదీ పచ్చికాయకూ పండుకూ ఒకేలా కాదు. మీ పనికి ఈ రకం వద్దు.

అయితే ఈ దారిలో పరిశోధన ఎంత దూరం వెళ్లిందో చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే అది నాకు ఇష్టమైన కథ. 2017లో అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో అచ్యుత కాదంబి, రమేశ్ రాస్కర్ మిణుకును గిగాహెర్ట్జ్ (వెయ్యి మెగాహెర్ట్జ్) స్థాయికి తీసుకువెళ్లారు. అంత వేగాన్ని చూడగల సెన్సరు లేదు. వాళ్లు చేసింది తంబురా శ్రుతి చేసేవాడికి తెలిసిన పని. రెండు తీగలు దాదాపు ఒకే శ్రుతిలో ఉండి కొంచెం తేడాగా మోగితే, ఆ తేడా మేరకు నెమ్మదిగా ఎగసి పడే విస్పందనాలు వినిపిస్తాయి. అలాగే వెళ్లే కాంతిని ఒక పౌనఃపున్యంతోనూ, తిరిగి వచ్చిన కాంతిని సెన్సరు ముందు అతి కొద్ది తేడా ఉన్న మరో పౌనఃపున్యంతోనూ మిణుకుమనిపిస్తే, తేడా మాత్రం మామూలు వీడియో కెమెరాకు అందేంత నెమ్మదిగా మిగులుతుంది. దూరం సమాచారం మాత్రం ఆ నెమ్మది మిణుకులో చెక్కుచెదరకుండా ఉంటుంది. రెండు మీటర్ల దూరాన మామూలు కెమెరాలు సెంటీమీటరు దగ్గర ఆగిపోతే, ఈ పద్ధతితో 3 మైక్రోమీటర్లు అందుకోవచ్చని చూపారు. 2015లో అదే ల్యాబ్ నుంచి ఇంకొకటి వచ్చింది: కినెక్ట్ ఇచ్చిన గరుకు లోతును, మామూలు కెమెరా ముందు ధ్రువణ ఫిల్టరు (ఒక దిశలో ఊగే కాంతినే పోనిచ్చే అద్దం) తిప్పి తీసిన మూడు ఫోటోలతో కలపడం. ఉపరితలం ఏ వైపు వాలి ఉందో తిరిగొచ్చిన కాంతి ధ్రువణం చెబుతుంది, ఎంత దూరంలో ఉందో కినెక్ట్ చెబుతుంది. ఇవేవీ రేపు మీ షెడ్డులోకి వచ్చేవి కావు. కానీ ఈ రెండింటిలోనూ గమనించండి: కొత్త కాంతి సమాచారం తెచ్చారు కాబట్టి రిజల్యూషన్ పెరిగింది. ఉన్న సమాచారాన్ని సాగదీసి పెంచలేదు.

కెమెరా దించిన తరువాత కూడా చాలకపోతే, బెల్టు పనికి పాత పద్ధతి ఒకటుంది: లేజరు గీత. పై నుంచి నిట్టనిలువుగా బెల్టుకు అడ్డంగా సన్నటి లేజరు గీత వేయండి. పక్క నుంచి ముప్పై నలభై డిగ్రీల వాలులో మామూలు వేగవంతమైన కెమెరాతో ఆ గీతను చూడండి. కాయ కింద నుంచి పోతుంటే గీత వంగుతుంది, ఆ వంపే ఎత్తు. కెమెరా సెకనుకు 300 చిత్రాలు తీస్తే, సెకనుకు 30 సెంటీమీటర్ల బెల్టు మీద ప్రతి మిల్లీమీటరుకు ఒక కోత దొరుకుతుంది. నొక్కు ఒక మిల్లీమీటరు లోతున్నా గీతలో సొట్ట కనిపిస్తుంది. లేజరు కూలీల కళ్లలో పడకుండా పెట్టె కట్టాలి, అది మరిచిపోవద్దు.

ఏది చేసినా ముందూ వెనకా కొలిచి చూడండి. కెమెరాను ఒక అరగంట నడిపి వేడెక్కనివ్వండి. కాయల బదులు బెల్టు మీద చదునైన ప్లైవుడ్ పలక పెట్టి, దాని మీద పాత దినపత్రిక అంటించండి, అక్షరాలే చారలు. వచ్చిన బిందువులకు ఒక సమతలం అమర్చి, వాటి సగటు విచలనం ఎంతో చూడండి. 60 సెంటీమీటర్ల దగ్గర అది ఒకటిన్నర మిల్లీమీటర్లు దాటితే కెమెరాను మళ్లీ కాలిబ్రేట్ చేయాలి. తరువాత ఆ పలక మీద మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న అట్టముక్క పెట్టి, దాని అంచు ఎన్ని పిక్సెళ్లలో ఎక్కుతోందో చూడండి. మీ అడ్డపు రిజల్యూషన్ నిజంగా ఎంతో అది చెబుతుంది. పెట్టె మీద అంకెల కంటే అది ఎప్పుడూ తక్కువే ఉంటుంది, ఎందుకంటే జత కలపడానికి కెమెరా ఒక్క పిక్సెల్‌ను కాక చుట్టుపక్కల గుంపును చూస్తుంది.

ఇంకొకటి, నేను నెల రోజులు పోగొట్టుకుని నేర్చుకున్నది. ఒక చోట పలకల మందం కొలిచే పని. ఉదయం బాగుండేది, పది దాటితే అలలు. ఫిల్టర్లు మార్చాను, కెమెరా మార్చాను. చివరికి ఒక రోజు అలవోకగా కెమెరా బిగించిన ఇనుప చట్రం మీద చెయ్యి ఆనించాను. అరచేతిలో సన్నటి జలదరింపు. పది గంటలకు పక్క లైనులో మోటారు వేసేవాళ్లు. చట్రాన్ని ఆ దూలం నుంచి విడదీసి నేల మీద నిలబెట్టాక అలలు పోయాయి. మీ షెడ్డులో కూడా బెల్టు నడుస్తుండగా ఒకసారి చట్రాన్ని పట్టుకుని చూడండి.

పలక పరీక్షలో 1.8 మీటర్ల దగ్గర ఎంత వచ్చింది, 60 సెంటీమీటర్ల దగ్గర ఎంత వచ్చింది, బెల్టు వేగం ఎంత అన్నవి రాయండి. ఎక్స్‌పోజరూ ప్రొజెక్టరు శక్తీ ఎంత పెట్టాలో అప్పుడు అంకెలతో చెబుతాను.